ముందు ఓడ తేదీ, ఆ తర్వాతే మిగతావన్నీ: ట్రిస్టన్ డా కూన్యా ప్రయాణంపై పాఠకుల ప్రశ్నలు

గత సంచికలో ట్రిస్టన్ డా కూన్యా దీవి గురించి ఇచ్చిన పరిచయం చదివి చాలామంది ఉత్తరాలు రాశారు. చదవనివారి కోసం రెండు ముక్కలు. దక్షిణ అట్లాంటిక్ నడిమధ్యన, బ్రిటన్ అధీనంలో ఉన్న అగ్నిపర్వత దీవి అది. విమానాశ్రయం లేదు. ఓడ ఎక్కాల్సిన రేవు దక్షిణాఫ్రికాలోని కేప్ టౌన్, అదీ దాదాపు 2,800 కిలోమీటర్ల దూరంలో. దీవి మొత్తానికి ఊరు ఒక్కటే, పేరు ఎడిన్‌బరో ఆఫ్ ద సెవెన్ సీస్. జనం 250కి లోపే. ‘వెళ్ళాలని ఉంది, ఎలా?’ అని అడిగినవాళ్ళే ఎక్కువ. ఒకే సంగతి పదిమంది అడిగినచోట ఒక ఉత్తరం ఎంచుకుని జవాబిస్తున్నాం.

ప్రశ్న: ట్రిస్టన్‌కు వీసా ఎక్కడ తీసుకోవాలి? నాకు బ్రిటన్ వీసా ఉంది, అది చాలుతుందా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: చాలదు. దీవి బ్రిటన్‌దే అయినా, అక్కడ ఎవరు అడుగుపెట్టాలో తేల్చేది దీవి పాలకవర్గమే. మీకు కావలసింది ఐలండ్ కౌన్సిల్ ముందస్తు అనుమతి. ఈ కౌన్సిల్‌లో ఎన్నికైన సభ్యులు ఎనిమిదిమంది, నియమితులు ముగ్గురు. దరఖాస్తు మాత్రం దీవి పాలనాధికారి అయిన అడ్మినిస్ట్రేటర్ కార్యాలయానికి ఈమెయిల్‌లో పంపాలి. అనుమతి చేతికి రాకుండా ఓడలో బెర్తు ఇవ్వరు.

ఆ ఈమెయిల్‌లో ఏం రాస్తామన్నదే ముఖ్యం. ‘మీ దీవి చూడాలని ఉంది, దయచేసి అనుమతించండి’ అని రెండు వాక్యాలు రాసి ఊరుకుంటే వాళ్ళు మళ్ళీ పది ప్రశ్నలు వేస్తారు, నెల గడిచిపోతుంది. ఎందుకు వస్తున్నారు, ఏ ఓడలో రావాలనుకుంటున్నారు, అది కుదరకపోతే రెండో ఎంపిక ఏది, ఎంతమంది, ఎవరి వయసెంత, పాస్‌పోర్టు వివరాలు, ఆరోగ్య సమస్యలు, ఎవరి ఇంట్లోనైనా ఉంటారా లేక విడిగా వసతి కావాలా, ఇవన్నీ మొదటి ఉత్తరంలోనే ఉండాలి. తిరుగు ప్రయాణానికి టికెట్ తీసుకుంటామనీ, ఖర్చులకు సరిపడా డబ్బు ఉందనీ, అత్యవసరమైతే కేప్ టౌన్‌కు తరలించే ఖర్చుతో సహా వైద్య బీమా ఉందనీ స్పష్టంగా రాయండి. పాస్‌పోర్ట్ సేవా ద్వారా వచ్చే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ కూడా తీసి ఉంచుకుంటే, అడిగిన రోజునే పంపొచ్చు.

ఇంత పరిశీలన ఎందుకని కొందరికి కోపం వస్తోంది. అక్కడి పరిస్థితి చూస్తే రాదు. అతిథిని ఉంచుకోగల ఇళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. దుకాణంలో సరుకు ఓడ వస్తేనే నిండుతుంది. మీకు జబ్బు చేస్తే చూడాల్సింది ఊరి కోసం ఉన్న ఆ చిన్న ఆసుపత్రే. మీరు వెళ్ళేది హోటల్‌కు కాదు, ఒక ఊరి గడపలోకి. ఏడాది ముందే ఉత్తరం మొదలుపెట్టండి.

ఇంకో మాట. అనుమతి వేరు, బెర్తు వేరు. అనుమతి వచ్చింది కదా అని విమానం టికెట్లు కొనేసి, ఆ ఓడలో చోటు లేదని తర్వాత తెలుసుకోవడమే ఈ ప్రయాణంలో తరచూ జరిగే ఖరీదైన పొరపాటు. రెండూ చేతికి వచ్చేదాకా విమానం టికెట్ జోలికి వెళ్ళకండి.

ప్రశ్న: కేప్ టౌన్ నుంచి ప్రయాణికుల ఓడ వారానికొకసారి ఉంటుందా? ఆన్‌లైన్‌లో సీటు కొనుక్కోవచ్చా?
— ఒక డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: ప్రయాణికుల కోసమే నడిచే ఓడ అసలు లేదు. వెళ్ళేవి రెండు రకాలు. మొదటిది, దీవి చుట్టూ ఎండ్రరొయ్యలు (లాబ్‌స్టర్లు) పట్టి, సరుకులు చేరవేసే చేపలవేట ఓడలు. పన్నెండు మందికి మించి ప్రయాణికులను ఎక్కించుకుంటే అంతర్జాతీయ నిబంధనల ప్రకారం అది ప్రయాణికుల ఓడ కిందికి వస్తుంది, దాని రక్షణ నిబంధనలు వేరు. అందుకే ఈ ఓడల్లో పన్నెండుకు మించి బెర్తులు ఉండవు. సాధారణంగా ఆరేడు రోజుల ప్రయాణం. సముద్రం మొండికేస్తే ఇంకా ఎక్కువ.

రెండోది ఎస్.ఏ. అగుల్హాస్ 2. దక్షిణాఫ్రికా ప్రభుత్వానికి చెందిన, మంచును చీల్చుకుపోయే పెద్ద పరిశోధన ఓడ. ట్రిస్టన్‌కు ఆగ్నేయంగా ఉన్న గఫ్ దీవిలో దక్షిణాఫ్రికావాళ్ళు 1956 నుంచి వాతావరణ కేంద్రం నడుపుతున్నారు. అక్కడి సిబ్బందిని మార్చడానికి ఏటా సెప్టెంబరు ప్రాంతంలో ఈ ఓడ వెళ్తూ దారిలో ట్రిస్టన్‌లో కొందరిని దింపుతుంది, గఫ్ పని ముగించుకుని వస్తూ ఎక్కించుకుంటుంది. బెర్తులు ఎక్కువ, ఊపు తక్కువ, హెలికాప్టర్ కూడా ఉంటుంది. మొదటిసారి వెళ్ళేవారికి మా సలహా ఇదే ఓడ. చిక్కల్లా ఏమిటంటే, ఏడాదికి ఒక్కసారే. పైగా అక్కడ సెప్టెంబరు అంటే చలికాలం ఇంకా పూర్తిగా వదలని రోజులు.

బెర్తులు ఇచ్చే పద్ధతి కూడా తెలుసుకోండి. ముందు వచ్చినవారికి ముందు అన్న లెక్క కాదు. వైద్యం కోసం వెళ్ళే దీవివాసులు, ఇంటికి తిరిగి వచ్చేవాళ్ళు, అక్కడ ఉద్యోగం మీద వెళ్ళే వైద్యులు, ఉపాధ్యాయులు, నిపుణులు, వీళ్ళందరి తర్వాత పర్యాటకులు. మీ పేరు ఖాయమయ్యాక కూడా ఒక రోగికి బెర్తు కావలసి వస్తే మీరు వెనక్కి జరగాలి. మనసులో అందుకు సిద్ధపడే డబ్బు కట్టండి.

ప్రశ్న: దక్షిణ అట్లాంటిక్‌లోనే ఉన్న సెయింట్ హెలెనా దీవికి విమానం ఉంది కదా. ట్రిస్టన్ కూడా అదే పాలనలో ఉందని రాశారు. అక్కడికి ఎగిరి, అక్కడి నుంచి పడవలో పోతే సులువు కాదా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మ్యాప్ చూస్తే అలాగే అనిపిస్తుంది. కానీ ఆ రెంటి మధ్య దాదాపు 2,400 కిలోమీటర్ల సముద్రం ఉంది, దాన్ని క్రమంగా దాటే ఓడ లేదు. సెయింట్ హెలెనాకు 2017 అక్టోబరులో జోహానెస్‌బర్గ్ నుంచి విమానాలు మొదలయ్యాయి. మరుసటి ఏడాది మొదట్లోనే పాత తపాలా ఓడను విరమించారు. కాబట్టి సెయింట్ హెలెనా ఒక ప్రయాణం, ట్రిస్టన్ ఇంకో ప్రయాణం. రెంటికీ కలిపి ఒక సెలవు వేసుకోకండి.

ప్రశ్న: బ్యాంకు ఉద్యోగిని. ఇరవై రోజుల సెలవు దొరుకుతుంది. దీవిలో ఐదు రోజులుంటే చాలు. సరిపోతుందా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: సరిపోదమ్మా. లెక్క మీరే చూడండి. ఇక్కడి నుంచి కేప్ టౌన్ చేరడానికి రెండు రోజులు. ఓడ బయల్దేరే తేదీకి కనీసం నాలుగు రోజుల ముందు మీరు అక్కడ ఉండాలి. పోటుగాలి వస్తే కేప్ టౌన్ రేవు కూడా ఆగిపోతుంది, బయల్దేరే తేదీ ముందుకూ వెనక్కూ జరుగుతుంది. తర్వాత సముద్రం మీద ఏడు రోజులు. తిరుగు ప్రయాణం ఆరు రోజులు. వచ్చాక విమానానికి మధ్య ఐదు నుంచి ఏడు రోజుల ఖాళీ. ఇంటికి రెండు రోజులు. దీవి మీద ఒక్క రోజు కూడా గడపకుండానే కనీసం ఇరవై ఆరు అయ్యాయి.

దీవి ముందుకు చేరడం ఒక ఎత్తు, దిగడం ఇంకో ఎత్తు. 1961లో అగ్నిపర్వతం ఊరి పక్కనే పేలి, లావా పాత పడవరేవులను కప్పేసింది. ఊరంతా ఇంగ్లండ్‌కు వెళ్ళిపోయి, ఎక్కువమంది 1963లో పట్టుబట్టి తిరిగొచ్చారు. ఇప్పుడున్న కాల్షాట్ రేవు 1967లో కట్టింది. చాలా చిన్నది, ఓడ లోపలికి రాలేదు. ఓడ దూరంగా లంగరు వేస్తే చిన్న పడవలు వెళ్ళి మనుషుల్ని, సరుకుని తెస్తాయి. ఆ పడవలు తిరగగలిగేంత నెమ్మదైన సముద్రం ఏడాది మొత్తంలో అరవై, డెబ్బై రోజులకు మించి దొరకదు. అందుకే ఊరు కళ్ళముందు కనిపిస్తున్నా మూడు నాలుగు రోజులు ఓడలోనే కూర్చోవలసి రావచ్చు. తిరిగి ఎక్కేటప్పుడూ అంతే.

ఇక ఎన్నాళ్ళు ఉండాలన్నది మీ చేతిలో లేదు. వేటకు వచ్చిన ఓడ వేట ముగిసేదాకా కదలదు, అది కొన్ని వారాలు కావచ్చు. సరుకు దించి వెనుదిరిగే ఓడ కొద్ది రోజుల్లోనే బయల్దేరవచ్చు. అగుల్హాస్‌లో వెళ్తే దాదాపు మూడు వారాలు. నలభై ఐదు రోజుల సెలవు ఉంటే బయల్దేరండి, అరవై ఉంటే నిశ్చింతగా బయల్దేరండి. అంతకు తక్కువైతే ఆపుకోవడమే మంచిది. తేదీ దాటిపోతోందన్న ఆందోళనతో దీవిలో గడిపే రోజులు చేదవుతాయి.

ప్రశ్న: దక్షిణాఫ్రికా వీసా తీసుకునేటప్పుడు ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? ట్రాన్సిట్ వీసా సరిపోతుందని ఒకరు చెప్పారు.
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఆ సలహా వినకండి. మీరు దక్షిణాఫ్రికాలోకి రెండుసార్లు ప్రవేశిస్తారు: విమానంలో ఒకసారి, దీవి నుంచి ఓడలో తిరిగొచ్చి ఇంకోసారి. సింగిల్ ఎంట్రీ వీసా ఉంటే, ఓడ ఎక్కేముందు పాస్‌పోర్టులో నిష్క్రమణ ముద్ర పడగానే అది తీరిపోతుంది. నెల తర్వాత కేప్ టౌన్ రేవులో దిగేటప్పుడు చేతిలో చెల్లే వీసా ఉండదు. దీవిలో వీసా ఇచ్చే కార్యాలయం ఏదీ లేదు. కాబట్టి మల్టిపుల్ ఎంట్రీ సందర్శక వీసానే అడగాలి.

అడిగితే చాలదు, ఎందుకో చూపించాలి. ఐలండ్ కౌన్సిల్ అనుమతి ఉత్తరం, ఓడ బెర్తు ఖాయమైన పత్రం, రోజువారీ ప్రయాణ పట్టిక, ఒక పేజీ వివరణ జతచేయండి. వివరణలో ‘ఫలానా తేదీన దక్షిణాఫ్రికా విడిచి ట్రిస్టన్ వెళ్తున్నాను, ఫలానా తేదీ ప్రాంతంలో ఓడలో తిరిగి వస్తాను, ఓడ ఆలస్యం కావచ్చు’ అని సూటిగా రాయండి. వీసా చేతికి వచ్చాక మొదట చూడాల్సింది ఎన్ని ఎంట్రీలు అన్న గడి, రెండోది చివరి తేదీ. ఓడ తిరిగొచ్చే తేదీకి పైన కనీసం మూడు వారాలు మిగలాలి. తప్పు పడితే అప్పుడే దిద్దించుకోవాలి, కేప్ టౌన్‌లో చూసుకుందాం అనుకోవద్దు.

పాస్‌పోర్టులో ఖాళీ పేజీలు రెండు తప్పనిసరి, నాలుగుంటే మేలు. విమానం అడిస్ అబాబా, నైరోబీ లాంటి చోట్ల మారేటట్లయితే ఎల్లో ఫీవర్ సంగతి చూసుకోండి. ఆ వ్యాధి ఉన్న దేశపు విమానాశ్రయంలో పన్నెండు గంటలు దాటి ఆగితే దక్షిణాఫ్రికా టీకా పత్రం అడుగుతుంది. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనూ ఆ ప్రశ్న ఎదురుకావచ్చు. టీకా ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రాల్లోనే వేస్తారు, వేసుకున్న పది రోజులకు గానీ పత్రం చెల్లదు. గల్ఫ్ మీదుగా వెళ్తే ఈ బెడద ఉండదు.

ప్రశ్న: మేం శాకాహారులం. అక్కడ తిండి దొరుకుతుందా? పోపు దినుసులు, పచ్చళ్ళు, కందిపొడి పట్టుకెళ్ళొచ్చా?
— దంపతులు, నెల్లూరు

జవాబు: పొడులు, పచ్చళ్ళ సంగతి తర్వాత చెప్తాం. పోపు దినుసుల దగ్గరే అసలు ప్రమాదం ఉంది.

ఆవాలు, మెంతులు, ధనియాలు, గసగసాలు, పెసలు, ఇవి మనకు వంటసామాను. దీవికి మాత్రం విత్తనాలు. తడినేల మీద చిటికెడు ఆవాలు చిందితే వారంలో మొలకలొస్తాయి. వేల ఏళ్ళు మిగతా ప్రపంచంతో సంబంధం లేకుండా పెరిగిన మొక్కల మధ్య బయటినుంచి వచ్చిన మొక్క ఒకటి నాటుకుంటే ఇక పీకడం ఎవరి తరమూ కాదు. అందుకే విత్తనాలు, మట్టి, పచ్చి మొక్కలు, దుంపలు దీవిలోకి రానివ్వరు. దక్షిణాఫ్రికాలో దిగేటప్పుడు కూడా వీటి మీద తనిఖీ ఉంటుంది. మొలకెత్తే శక్తి ఉన్నదేదీ పెట్టెలో పెట్టకండి. పోపు లేకపోతే ముద్ద దిగదంటే, ఆవాలూ మెంతులూ వేయించి మెత్తగా పొడిచేయించుకుని, కర్మాగారంలో సీలు వేసిన ప్యాకెట్ల రూపంలోనే తీసుకెళ్ళండి. కందిపొడి, కారప్పొడి, సీలు వేసిన పచ్చడి సీసాలు కూడా తీసుకెళ్ళాలనుకుంటే వాటి జాబితాను దరఖాస్తు సమయంలోనే పంపి అనుమతి అడగండి. ఇంట్లో పట్టిన పచ్చడి డబ్బా నూనె కారుతూ తనిఖీ బల్లమీదికి వస్తే పారేయక తప్పదు. చింతపండు పిక్కల సంగతి మరిచిపోతుంటారు, గింజ తీసిన గుజ్జే కొనండి.

ఇక తిండి. దీవివాళ్ళ ప్రధాన ఆహారం బంగాళాదుంప. ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో రాతిగోడల మధ్య ప్రతి కుటుంబానికీ దుంపల మళ్ళు ఉన్నాయి. దాంతోపాటు గొర్రె, గొడ్డు మాంసం, చేప, ఎండ్రరొయ్యలు. ఎవరింట్లో బస చేస్తారో వారికి మీరు ఏం తింటారో, ఏం తినరో నెలల ముందే తెలియజేయాలి. ‘శాకాహారం’ అని ఒక్క మాట రాస్తే చేప తింటారేమో అనుకోవచ్చు. మాంసం, చేప, గుడ్డు, పాలు, ఒక్కొక్కటీ విడివిడిగా రాయండి. దుకాణంలో బియ్యం, పప్పుల డబ్బాలు ఉండొచ్చు గానీ, ఓడ ఆలస్యమైతే అరలు ఖాళీ అవుతాయి. ఊరివాళ్ళ వాటాలోంచి మీరు కొంటున్నారని మాత్రం గుర్తుంచుకోండి.

ప్రశ్న: బూట్లు, బట్టలు కడిగి తేవాలని రాశారు. ఉతికిన బట్టలే కదా వేసుకొస్తాం, ఇంకా ఏం శుభ్రం చేయాలి?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: గింజలు దాక్కునే చోట్లు మనం ఉతికేవి కావు. బూటు అడుగున గాళ్ళు, లేసు కన్నాలు, నాలుక కింద మడత, ప్యాంటు మడతలు, జేబు మూలలు, బ్యాగు అడుగు కుట్లు, కెమెరా సంచి, ట్రైపాడ్ కాళ్ళు, అన్నిటికంటే ముఖ్యంగా వెల్క్రో పట్టీలు. వెల్క్రోలో చిక్కిన గడ్డిగింజ వాషింగ్ మెషీన్‌లో కూడా రాదు, సూదితోనో పట్టకారుతోనో ఒక్కొక్కటీ లాగాలి. ఇంట్లో ఒకసారి ఈ పని చేసి, కేప్ టౌన్‌లో ఓడ ఎక్కేముందు ఇంకోసారి చేయండి. మధ్యలో టేబుల్ మౌంటెన్ ఎక్కితే ఆ బూట్లతో ఓడ ఎక్కొద్దు, మళ్ళీ కడగాల్సిందే. పెట్టెలు రాత్రిపూట మూతతీసి ఉంచకండి, ఎలుకలూ పురుగులూ చేరే దారి అదే.

ఇది చాదస్తం కాదు. 1882లో హెన్రీ బి. పాల్ అనే ఓడ ట్రిస్టన్ తీరంలో ధ్వంసమైనప్పుడు దిగిన ఎలుకలు ఇప్పటికీ దీవిలో ఉన్నాయి. గఫ్ దీవిలో ఓడల ద్వారా చేరిన చిట్టెలుకలు గూళ్ళలోని ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపక్షి పిల్లలను బతికుండగానే కొరుక్కుతింటాయి. వాటిని పూర్తిగా తుదముట్టించడానికి 2021లో హెలికాప్టర్లతో మందు చల్లారు. అదే ఏడాది చివర్లో చిట్టెలుక మళ్ళీ కనిపించింది. ట్రిస్టన్ పక్కనున్న నైటింగేల్ దీవిలో బయటినుంచి చేరిన ఒక చిన్న పొలుసుపురుగు ఫైలికా చెట్లను పీల్చేసింది. ఆ కాయల మీదే బతికే విల్కిన్స్ బంటింగ్ పిట్ట లోకంలో ఇంకెక్కడా లేదు. ఒక్క గింజ, ఒక్క పురుగు చాలు. తనిఖీచేసేవారు మీ బూట్లు తిప్పి చూస్తే నొచ్చుకోకండి, మీరే విప్పి చూపించండి.

ప్రశ్న: నాకు 62 ఏళ్ళు. బీపీ, సుగర్ ఉన్నాయి, మందులతో అదుపులోనే ఉన్నాయి. వెళ్ళొచ్చా? బీమా ఎలాంటిది తీసుకోవాలి?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, కాకినాడ

జవాబు: మాస్టారూ, మీ వయసు అడ్డం కాదు. మిమ్మల్ని మీరు వేసుకోవలసిన ప్రశ్న వేరే: ఊగుతున్న ఓడ పక్కన వేలాడే తాడు నిచ్చెన దిగి, పైకీ కిందికీ లేస్తున్న పడవలోకి అదను చూసి కాలు పెట్టగలరా? పడవ అల మీద పైకి లేచిన క్షణంలోనే అడుగు వేయాలి. తాళ్ళు పట్టుకోవడానికి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, సామాను వేరే వలలో దించుతారు. మోకాలు సహకరించని వారికి, తల తిరిగే అలవాటు ఉన్నవారికి హెలికాప్టర్ ఉన్న అగుల్హాసే దారి. బయల్దేరే రెండు మూడు నెలల ముందు నుంచి మెట్లు ఎక్కి దిగడం, చేతిపట్టు పెంచుకోవడం సాధన చేయండి.

దీవిలో కామోగ్లీ అనే చిన్న ఆసుపత్రి ఉంది, వైద్యులున్నారు. అది ప్రాథమిక చికిత్సకు. గుండెకు ఆపరేషన్, స్టెంట్, డయాలిసిస్ లాంటివి కావాలంటే కేప్ టౌన్‌కే పోవాలి, అంటే అందుబాటులో ఉన్న ఓడ ఎక్కి వారం రోజులు. హెలికాప్టర్ వచ్చి వెంటనే ఎత్తుకెళ్తుందనుకోకండి, అంత దూరం ఏ హెలికాప్టరూ ఎగరలేదు. గత ఆరునెలల్లో గుండెనొప్పి వచ్చినవారు, మందు మోతాదు ఇంకా మారుతున్నవారు, గర్భిణులు ఈ ప్రయాణం పెట్టుకోవద్దని మా గట్టి మాట. పళ్ళ డాక్టరును కూడా కలిసి రండి. నిద్రపోతున్న పన్ను పోటు ఓడ మీదే లేస్తుంది.

మందులు అనుకున్న రోజులకు రెట్టింపు తీసుకెళ్ళండి. అరవై రోజుల ప్రయాణానికి నూట ఇరవై రోజుల మందు. సగం చేతిసంచిలో, సగం పెట్టెలో. ఇంగ్లిషులో ప్రిస్క్రిప్షన్, మందుల అసలు పెట్టెలతోనే ఉంచండి. ఇన్సులిన్ అయితే ఓడలో ఫ్రిజ్ చోటు గురించి ముందే అడిగి రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోండి. గ్లూకోమీటర్ పట్టీలు, బ్యాటరీలు కూడా రెట్టింపే. వాంతులతో తిండి తగ్గిన రోజు సుగర్ మాత్ర యథాప్రకారం వేసుకుంటే సుగర్ పడిపోతుంది. ఆ రోజు ఏం చేయాలో మీ డాక్టరు దగ్గర కాగితం మీద రాయించుకోండి.

వెళ్ళేటప్పుడు పడమటి గాలులకూ అలలకూ ఎదురు ప్రయాణం, తిరుగు కంటే ఇదే కష్టం. ఓడ వాంతుల మాత్ర వాంతి మొదలయ్యాక వేసుకుంటే పనిచేయదు. రేవు వదలడానికి గంటా రెండు గంటల ముందే పడాలి. ఈ మాత్రల్లో చాలావాటికి మగత ఉంటుంది. గ్లూకోమా, ప్రోస్టేట్ సమస్య ఉన్నవారికి కొన్ని పడవు. మీకు సరిపడే మాత్ర ఏదో ఇంటి దగ్గరే ఒకసారి వేసుకుని చూడండి.

బీమా సంగతిలో మోసపోయేది పేరు దగ్గర. ‘ప్రపంచమంతా’ అని ఉన్న పాలసీలో ఎన్నో మినహాయింపులు ఉంటాయి. కంపెనీకి నాలుగు ప్రశ్నలు ఈమెయిల్‌లో పంపి జవాబు దాచుకోండి. సెయింట్ హెలెనా, అసెన్షన్, ట్రిస్టన్ డా కూన్యా భూభాగం పాలసీలో ఉందా? దీవి నుంచి కేప్ టౌన్‌కు సముద్రమార్గంలో తరలించే ఖర్చు ఇస్తారా? ఓడ ఆలస్యమై గడువు దాటితే పాలసీ దానంతటదే కొనసాగుతుందా? ముందే ఉన్న బీపీ, సుగర్‌ల వల్ల వచ్చే అత్యవసరం ఇందులోకి వస్తుందా? ఫోనులో ‘అంతా ఉంది సార్’ అన్న మాట క్లెయిమ్ రోజున చెల్లదు.

ప్రశ్న: డబ్బు ఎలా తీసుకెళ్ళాలి? ఫారెక్స్ కార్డు పనిచేస్తుందా?
— ఒక వ్యాపారి, గుంటూరు

జవాబు: దీవిలో ఏటీఎం లేదు. కార్డు మీద ఆధారపడొద్దు. చెల్లేది బ్రిటిష్ పౌండ్ నోటు. మన దగ్గర విదేశీ నోట్ల రూపంలో ఒక ప్రయాణానికి 3,000 అమెరికన్ డాలర్ల విలువ దాకానే కొనుక్కోనిస్తారు, మిగతాది కార్డులో ఉండాలి. అందుకని బస ఖర్చును బ్యాంకు ద్వారా ముందే పంపే వీలుందేమో దీవి కార్యాలయాన్ని అడగండి. వీలుంటే చేతినోట్లు గైడ్లకు, దుకాణానికి, ఆలస్యమైన రోజులకు మిగులుతాయి. ఐదు, పది, ఇరవై పౌండ్ల నోట్లు ఎక్కువగా తీసుకోండి. కేప్ టౌన్ ఖర్చులకు కార్డు చాలు.

ప్రశ్న: ఇంత తిప్పలు లేకుండా క్రూయిజ్ ఓడల్లో వెళ్ళొచ్చని విన్నాం. నిజమేనా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: నిజమే. అంటార్కిటికా ఋతువు ముగిసే మార్చి, ఏప్రిల్ నెలల్లో అర్జెంటీనా దక్షిణ కొసనున్న ఉష్వాయా నుంచి అట్లాంటిక్ దాటే యాత్రా ఓడలు కొన్ని ట్రిస్టన్ దగ్గర ఆగుతాయి. దీవి అనుమతి ఓడవాళ్ళే చూసుకుంటారు. ఖర్చు మాత్రం చేపల ఓడ బెర్తుకు ఎన్నో రెట్లు. అర్జెంటీనా వీసా ఒకటి, ఓడ దక్షిణాఫ్రికాలో ముగిస్తే ఆ వీసా ఇంకొకటి.

టికెట్ కొనేముందు షరతుల పేజీలో ‘దిగడం వాతావరణాన్ని బట్టి’ అన్న వాక్యం వెతకండి, తప్పకుండా ఉంటుంది. క్రూయిజ్ ఓడకు అక్కడ కేటాయించినవి ఒకటి, రెండు రోజులే. ఆ రెండు రోజులూ అలలు పెద్దవైతే ఊరిని దుర్భిణిలో చూసి ముందుకు సాగిపోతుంది. ఇలా ఎన్నోసార్లు జరిగింది. ఆ దారిలో దక్షిణ జార్జియా లాంటివి కూడా చూడాలనుకునేవారికి ఇది మంచి ప్రయాణం. ట్రిస్టన్ కోసమే వెళ్ళేవారు మాత్రం కేప్ టౌన్ దారే పట్టుకోండి.

ప్రశ్న: దీవిలో ఎటైనా తిరగొచ్చా? శిఖరం ఎక్కాలని, పక్క దీవులు చూడాలని ఉంది.
— ట్రెకింగ్ ఇష్టపడే మిత్రులు, హైదరాబాద్

జవాబు: ఊరిలో, దుంపల మళ్ళ దాకా ఉన్న దారిలో హాయిగా నడవొచ్చు. కొండ మీదికి స్థానిక గైడు లేకుండా వెళ్ళకూడదు. క్వీన్ మేరీస్ పీక్ ఎత్తు 2,062 మీటర్లు, అదీ సముద్రమట్టం నుంచి మొదలుపెట్టి. ఊరి వెనక నిలువుగా లేచిన రాతిగోడ ఎక్కితే గానీ పైనున్న మైదానం రాదు. మబ్బు క్షణాల్లో కమ్మేస్తుంది, దారి కనిపించదు. డిసెంబరు నుంచి మార్చి దాకా అక్కడి వేసవి, ఎక్కడానికి అవే మంచి నెలలు. అప్పుడు కూడా ఎండ రోజు కోసం వారం కాచుకోవలసి రావచ్చు. గైడుకు ఊళ్ళో వేరే ఉద్యోగం ఉంటుంది. దిగిన మొదటి రోజే మాట్లాడుకుని, వాతావరణం కుదిరిన రోజున పిలవమని చెప్పి ఉంచండి.

నైటింగేల్ దీవికి సముద్రం నెమ్మదిస్తే ఊరివాళ్ళతో పడవలో వెళ్ళే అవకాశం దొరకొచ్చు. ఇన్‌యాక్సెసిబుల్ దీవికి ప్రత్యేక అనుమతి, గైడు లేకుండా కుదరదు. గఫ్ మీద ఆశ పెట్టుకోవద్దు, అది పరిశోధకులకే. గఫ్ 1995లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది, ఇన్‌యాక్సెసిబుల్‌ను 2004లో దానికి కలిపారు. డ్రోన్ ఎగరేయాలనుంటే ఆ మాట దరఖాస్తులోనే అడగండి, గూళ్ళ మీది పక్షులు బెదిరితే గుడ్లు వదిలేస్తాయి.

ప్రశ్న: అక్కడే స్థలం కొనుక్కుని స్థిరపడొచ్చా?
— ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: వీలుకాదు. భూమి ఊరందరి ఉమ్మడి. బయటివారికి అమ్మరు, స్థిరపడనివ్వరు. వైద్యం, చదువు, ఇంజనీరింగ్ పనులకు కొంతకాలం ఒప్పందం మీద బయటివారిని తీసుకుంటారు, అంతే.

ప్రశ్న: నేను స్టాంపులు సేకరిస్తాను. అక్కడి నుంచి నాకు నేనే కార్డు వేసుకోవాలంటే ఎలా?
— తొమ్మిదో తరగతి విద్యార్థిని, ఒంగోలు

జవాబు: ట్రిస్టన్ తపాలా బిళ్ళలకు మంచి పేరుందమ్మా. సొంత స్టాంపులు 1952లో మొదలయ్యాయి. అంతకుముందు 1946లో, మాకూ స్టాంపులు ఇవ్వండని అడగడానికి ఒక నమూనా తయారుచేశారు. దాని మీద వెల ఒక పెన్నీ, లేదా నాలుగు బంగాళాదుంపలు అని ఉంటుంది, అప్పట్లో ఊళ్ళో డబ్బు అంతగా చెలామణీలో లేదు మరి. ఇప్పుడు స్టాంపులు ఊళ్ళోని పర్యాటక కేంద్రంలో, తపాలా కార్యాలయంలో దొరుకుతాయి. వెళ్ళే పెద్దవాళ్ళతో చెప్పి, దిగిన రోజునే కార్డు వేయించుకో. సంచీ కట్టేసిన తర్వాత వేసిన కార్డు ఇంకో ఓడ వచ్చేదాకా అక్కడే ఉంటుంది. చిరునామా పెద్ద అక్షరాల్లో ఇంగ్లిషులో రాయమను, చివర ఇండియా అనీ, ఆరంకెల పిన్ కోడూ తప్పకుండా ఉండాలి. కార్డును బాల్‌పెన్నుతో రాయాలి, సిరా అయితే సముద్రపు తేమకు కరిగిపోతుంది.